ఆప్తుడెవరు?

భగవంతుడున్నాడా, లేడా? ఈ ప్రశ్నకు తర్కంతో సమాధానం వెదకినవారున్నారు, తపస్సుతో వెదకినవారున్నారు. తలలు లెక్కపెట్టి కూడా వెదకవచ్చునని నేను రెండేండ్ల క్రిందటి కార్తికమాసం వరకు ఎరుగను.

మా చెల్లెలికి కురుమూర్తి స్వామి మ్రొక్కు ఒకటి ఉండినది. కొడుకు తత్త్వశాస్త్రంలో పరిశోధనకు విదేశం పోయినప్పుడు, వాడు క్షేమంగా తిరిగివస్తే ఉద్దాల ఉత్సవంనాడు వెంటబెట్టుకొని కొండ ఎక్కుతానని ఆమె మ్రొక్కుకొన్నది. మ్రొక్కు తీర్చే వేళకు నన్నుకూడ రమ్మన్నారు. నల్లగొండలో తెల్లవారుజామున కారు ఎక్కి, మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల మీదుగా పాలమూరు దిక్కుకు బయలుదేరినాము. చెల్లెలు వెనుక సీటులో కునుకు తీస్తున్నది. ముందు కూర్చున్న మేనల్లుడు చాలాసేపు మౌనంగా ఉండి, “మామయ్యా, మీరు ఇంతకాలం పిల్లలకు పాఠం చెప్పినవారు గదా, ఒకటి అడుగుతాను, కోపగించుకోరు గదా?” అన్నాడు.

“అడుగు నాయనా” అన్నాను.

వాడు చెప్పిన సంగతి ఇది. 2009లో డేవిడ్ బూర్జే, డేవిడ్ చామర్స్ అనే ఇద్దరు తత్త్వవేత్తలు ‘ఫిల్‌పేపర్స్’ అనే సంస్థ పక్షాన ఒక విచారణ జరిపినారు. 99 విశ్వవిద్యాలయ శాఖలలోని తత్త్వశాస్త్ర అధ్యాపకులకు 30 ప్రశ్నలు పంపినారు. 931 మంది సమాధానమిచ్చినారు. ఆ ప్రశ్నలలో దేవుని గూర్చినది ఒకటి. నూటికి 73 మంది దేవుడు లేడన్న పక్షానికి చేరినారు, లేదా అటు మొగ్గినారు. ఉన్నాడన్న పక్షం నూటికి 15 మంది కూడ నిండలేదు. తిరిగి 2020లో అదే ప్రశ్నను మరింతమందికి పెట్టినారు, ఆ విచారణలో 1,785 మంది పాల్గొన్నారు. అప్పుడు లేడన్నవారు 67, ఉన్నాడన్నవారు 19. కొంచెం మారినదేగాని తక్కెడ అటే మొగ్గి ఉన్నది.

“రోగమొస్తే వైద్యుని మాట వింటాం. వంతెన కట్టవలెనంటే ఇంజనీరు మాట వింటాం. ఈ ప్రశ్నను జీవితమంతా ఆలోచించినవారు తత్త్వవేత్తలు. వారిలో నలుగురిలో ముగ్గురు లేడంటే, మనం ఆ మాట వినకపోవడానికి కారణమేమి మామయ్యా?” అన్నాడు.

వాని కంఠంలో వెటకారం లేదు. అది ఉండినచో నాకు సమాధానం సులభమయ్యేది. వాడు నిజంగా బాధపడుతూ అడిగినాడు.

నా నోట మొట్టమొదట వచ్చిన మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉన్నది. “పాశ్చాత్యులకేమి తెలుసునురా మన దేవుని సంగతి?” అన్నాను. ఆ శాఖలలో అధికభాగం అమెరికా, బ్రిటన్ వంటి ఆంగ్లభాషా దేశాలవే అన్నమాట నిజమే. కాని నా మాట మన శాస్త్రానికే విరుద్ధం. ఆప్తుడెవరు అన్న ప్రశ్నకు న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు చెప్పిన లక్షణం ఏమి? వస్తువును సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు తెలుపవలెనని కోరేవాడు ఆప్తుడు. ఆ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమేనని కూడ ఆయన స్పష్టంగా చెప్పినాడు. జన్మను బట్టి, దేశాన్ని బట్టి మాటను త్రోసివేసే అధికారం మనకు ఇవ్వలేదు. పైగా, లేడనేవారు పడమటి దేశాలలోనే ఉన్నారా? చార్వాకులెక్కడివారు? మన తెలుగునాట గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, గాంధీమహాత్మునితోనే ఈ విషయం చర్చించినారు గదా. కాబట్టి ఆ మాటను నేను వెంటనే వెనుకకు తీసుకొన్నాను.

అప్పటికి కారు మునుగోడు దాటినది. ఈ దారిలో పోతున్నప్పుడు నాకు ఎప్పుడూ మనస్సు బరువెక్కుతుంది. దాని కారణం తరువాత చెప్తాను. ముందు పండితుల మాటకు ఎందుకు విలువ ఇవ్వవలెనో ఈ నేలే మనకు నేర్పినదని మా మేనల్లునికి చెప్పినాను.

మునుగోడు, మర్రిగూడ, చండూరు, నారాయణపురం ప్రాంతాల పాఠకులకు ఈ కథ నేను చెప్పనక్కరలేదు. పండ్లు గోధుమరంగుకు తిరగడం, ఎదిగే వయసులో కాళ్ళు వంకరపోవడం, నలభై ఏండ్లకే నడుము వంగి మెడ త్రిప్పలేకపోవడం, ఇవి ఇక్కడి ఇండ్లలో తరతరాలు చూసినవి. నీరు తేటగా ఉండేది, త్రాగితే రుచిగానే ఉండేది. దోషం నీటిలో ఉన్నదని కంటికిగాని నాలుకకుగాని తెలిసే ఉపాయం లేదు. నేలలోని నల్లరాతి పొరలలోంచి ఫ్లోరైడు అనే లవణం నీటిలో కరిగి వస్తున్నదని, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే అది ఎముకను పట్టుకొంటుందని, నీటిని కాచినంత మాత్రాన పోదని చెప్పినవారు శాస్త్రజ్ఞులు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనాలయంవారు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఆ లవణాన్ని తేర్చే విధానం ఒకటి రూపొందించినారు. దానికి ‘నల్లగొండ విధానం’ అని పేరు. ఆఫ్రికా ఖండంలోని పల్లెలలోకూడ ఆ పేరు వాడినారు. మన జిల్లా పేరు ప్రపంచ గ్రంథాలకు ఎక్కిన కారణం అది! తరువాత కృష్ణాజలం గొట్టాలద్వారా ఈ ఊళ్ళకు వచ్చినది.

ఇక్కడ శాస్త్రజ్ఞుని మాట ఎందుకు నమ్మవలె? వాడు పెద్ద చదువు చదివినాడనికాదు, వారి పక్షాన సంఖ్య ఎక్కువ అనీకాదు. నీటిలోనిది కొలిచే సాధనం వాని చేతిలో ఉన్నది. నాగపూరువాడు కొలిచినా, నైరోబీవాడు కొలిచినా, దైవభక్తుడు కొలిచినా, నాస్తికుడు కొలిచినా అంకె ఒక్కటే వస్తుంది. మన పరిభాషలో చెప్పవలెనంటే, ప్రమేయానికి తగిన ప్రమాణం వారివద్ద ఉన్నది. పదిమంది ఒక్కమాట చెప్పినప్పుడు ఆ పదిమంది సంఖ్యకు విలువ వచ్చేది ఆ ప్రమాణం వలననే.

మా వాడు అంగీకరించి, “అయితే దేవుని విషయంలో తగిన పండితులెవరు మామయ్యా?” అన్నాడు. తానే ఇంకొక అంకె చెప్పినాడు. 2009 విచారణలోనే మతసంబంధమైన తత్త్వశాస్త్రాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేసేవారి లెక్క వేరుగా తీసినారట. అట్టివారు 47 మంది. వారిలో 34 మంది దేవుడున్నాడన్నవారే. అనగా నూటికి 72!

నిజం చెప్పవలెనంటే, ఆ అంకె వినగానే నాకు ప్రాణం లేచి వచ్చినది. “చూచితివా! ఆ విషయం తెలిసినవారు ఉన్నాడంటున్నారు. తక్కిన విషయాలు చదివినవారు లేడంటున్నారు. కంటిజబ్బుకు కంటివైద్యుని మాటే గదా వినవలసినది” అన్నాను.

వాడు నవ్వి, “కురుమూర్తి కొండమీద అర్చకులను నిలబెట్టి స్వామి ఉన్నాడా అని అడిగితే నూటికి ఎంతమంది ఉన్నాడంటారు మామయ్యా?” అన్నాడు.

నాకు మాట రాలేదు. వాడు చెప్పినది న్యాయమే. భక్తి ముందుగా ఉన్నవాడే ఆ శాస్త్రం చదవడానికి ఎక్కువగా పోతాడు. చదివినందువలన నమ్మకం కలిగినదో, నమ్మకం ఉన్నందువలన చదివినాడో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. అట్లే, నమ్మకం లేనివాడు దానిని వ్యర్థమని ఎంచి తర్కమో, భాషాతత్త్వమో చదువబోతాడు. కనుక 73ను పట్టుకొని వారు ఎగిరిపడరాదు, 72ను పట్టుకొని మనమూ ఎగిరిపడరాదు. ఈ సందర్భంలో మరొక మాట. ఆంటొనీ ఫ్లూ అనే ఆంగ్ల తత్త్వవేత్త జీవితమంతా నిరీశ్వరవాదియై 2004లో, ఎనభై దాటిన వయసులో, జగత్కర్త ఒకడున్నాడని అంగీకరించినాడు. ఇది మన ఉపన్యాసకులకు ఇష్టమైన కథ. కాని ఒక వృద్ధుడు ఇటు వచ్చినందుకు మనం చప్పట్లు కొడితే, ఒక అర్చకుని కుమారుడు అటు పోయినప్పుడు వారు కొట్టే చప్పట్లను కూడ సహించవలసి వస్తుంది.

ఆ విచారణలో ఇంకొక వింత ఉన్నది. ఈ బాహ్యప్రపంచం నిజంగా ఉన్నదా, ఉన్నట్లు తెలియగలమా అని కూడ అడిగినారు. ఉన్నదన్నవారు నూటికి 82 మంది మాత్రమే. ఇద్దరమూ నవ్వుకొన్నాము. కాలిక్రింది నేల విషయంలోనే ఐదుగురిలో ఒకడు ‘అవును’ అని చెప్పనిచోట, దేవుని విషయంలో ఏకాభిప్రాయం ఎట్లా వస్తుంది?

మార్గమధ్యంలో ఒకచోట టీ త్రాగడానికి దిగినాము. ఉత్తరపు దిక్కున రాచకొండ గుట్టలు నీలంగా కనిపిస్తున్నవి. మా సంభాషణ అక్కడ నిలిచినప్పుడు నాకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి గ్రంథం ఒకటి జ్ఞప్తికి వచ్చినది. 1920లో ఆయన ‘సమకాలిక తత్త్వశాస్త్రంలో మతం యొక్క ఏలుబడి’ అనే అర్థంవచ్చే పేరుతో ఒక ఆంగ్లగ్రంథం ప్రచురించినారు. అప్పటికి ఆయన మైసూరులో ఆచార్యులు, ఆక్స్‌ఫర్డు పీఠానికి పోవడం ఇంకా పదహారేండ్ల తరువాతి మాట. ఆ గ్రంథంలోని అభియోగమేమి? జేమ్స్, బెర్గ్‌సన్ మొదలైన నాటి ప్రసిద్ధ పాశ్చాత్య తత్త్వవేత్తలు మతవిశ్వాసాలకు లోబడి తమ తత్త్వవిచారణను ప్రక్కదారి పట్టిస్తున్నారని! నూరేండ్ల క్రిందట ఒక తెలుగు కుటుంబపు తత్త్వవేత్త ‘తత్త్వవేత్తలలో మతం మితిమీరినది’ అని ఫిర్యాదు చేసినాడు. నూరేండ్లు గడిచేసరికి అదే లోకంలో ముగ్గురిలో ఇద్దరు దేవుడు లేడంటున్నారు. మధ్యలో 1936లో ఏయర్ అనే యువకుడు దేవుని గూర్చిన వాక్యాలకు అసలు అర్థమే లేదని గ్రంథం వ్రాసినాడు, కొన్ని దశాబ్దాలపాటు ఆ వాదం చెలామణి అయినది, తరువాత తత్త్వవేత్తలే దానిని విడిచిపెట్టినారు.

“ఫ్లోరైడు అంకె అట్లా మారలేదు గదా నాయనా” అన్నాను.

“మారలేదు మామయ్యా. కాని అభిప్రాయం మారినంత మాత్రాన ఇప్పటిది తప్పని కాదు గదా” అన్నాడు వాడు. అదీ నిజమే. మారుతున్నదనే మాట తొందరపడవద్దని మాత్రమే చెప్తుంది, ఏది సత్యమో చెప్పదు.

ఐతే తత్త్వవేత్త దేనిలో నిపుణుడు? ఇది తేలకుండా వాని మాట బరువు తేలదు. నా బుద్ధికి తోచినంతలో, అతడు వాదాలను పరీక్షించడంలో నిపుణుడు. ఈ హేతువు నుంచి ఈ సాధ్యం వస్తుందా, రాదా అన్నది అతని కొలబద్ద. ఆ కొలబద్దతో చూస్తే, పాఠకులలో కొందరికి ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి ఉన్నది. భగవంతుని అనుమాన ప్రమాణంతో నిరూపించలేమని మన భాష్యకారులే చెప్పినారు!

కుండకు కుమ్మరి ఉన్నట్లు, కార్యమైన ఈ జగత్తుకు ఒక కర్త ఉండి తీరవలెనని నైయాయికుల వాదం. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దీనిని మహాసౌధంగా కట్టినాడు. శ్రీభాష్యంలో ‘శాస్త్రయోనిత్వాత్’ అనే మూడవ సూత్రంవద్ద భగవద్రామానుజులు ఆ సౌధాన్ని ఇటుక ఇటుకగా విప్పినారు. జగత్తంతా ఒకేకాలంలో ఒక్కనిచేతనే నిర్మింపబడినదని ఎవరు చూచినారు? గొప్ప కార్యాలను పలువురు, పలుకాలాలలో చేయడం లోకంలో చూస్తాం గదా. పుణ్యవిశేషంచేత శక్తిపొందిన జీవులు పలువురు కలసి చేసి ఉండరాదా? మనం చూచిన కర్తలందరికీ శరీరమున్నది, కర్మబంధమున్నది. ఆ దృష్టాంతంతోనే పోతే జగత్కర్తకు కూడ అవి అంటుకొనవా? కాబట్టి బ్రహ్మము శాస్త్రంవలననే తెలియదగినది, అనుమానానికి అందదు అని వారి సిద్ధాంతం. హ్యూమ్ అనే స్కాట్లండు తత్త్వవేత్త మరణానంతరం 1779లో వెలువడిన గ్రంథంలో, ఒక ఇంటిని, ఒక ఓడను పలువురు కట్టినట్లు లోకాన్ని పలువురు దేవతలు ఎందుకు కట్టి ఉండరాదని అడుగుతాడు. నాస్తికులకు ఆ గ్రంథం నేటికీ ఆయుధాగారం. అదే ప్రశ్న అంతకు ఆరువందల ఏండ్లకు పూర్వమే శ్రీరంగంలో, పెరుమాళ్ళ సన్నిధిలో నివసించిన ఆచార్యుని లేఖినినుంచి వచ్చినది. వాదాలు దేవుని నిరూపించలేవు అన్నంతవరకు ఆ 73 మందితో కలిసి మన ఉడయవరులు కూడ చెయ్యెత్తి ఉండేవారు. నిరూపింపబడలేదు అన్నదానినుంచి లేడు అన్నదానికి పోయే చోటనే వారిరువురి త్రోవలు వేరవుతవి.

మా వాడు దీనికి సంతోషించినాడుగాని విడువలేదు. “శాస్త్రమే ప్రమాణమని భాష్యకారులన్నారు. శాస్త్రం ప్రమాణమెట్లా అయినదన్నదే గదా మా వాళ్ళ ప్రశ్న?” అన్నాడు. ప్రశ్న సరియైనదే. మన కొత్త సచ్చిదానందమూర్తిగారు శ్రుతికి, యుక్తికి గల సంబంధాన్ని గూర్చి 1959లోనే ఒక పెద్దగ్రంథం ఆంగ్లంలో వ్రాసి, శాంకర సంప్రదాయాన్ని నిర్మొహమాటంగా పరీక్షించినారు. ఈ ప్రశ్న అడిగినవాడు ద్రోహి కాడు. దీనికి కారుప్రయాణంలో సమాధానం చెప్పగలనని నేను నటించలేదు.

అప్పుడు వాడు అసలు మాట బయటపెట్టినాడు. “మామయ్యా, ఎక్కువమంది దేవుని విడిచిపెట్టేది కుండ, కుమ్మరి వాదం వీగిపోయినందుకు కాదు. లోకంలోని దుఃఖాన్ని చూచి” అన్నాడు. విలియం రో అనే అమెరికా తత్త్వవేత్త 1979లో వ్రాసిన వ్యాసంలో ఒక దృష్టాంతం చెప్పినాడట. మనుష్యుడెవ్వడూ లేని అడవిలో పిడుగుపడి మంట లేచినది. ఒక లేడిపిల్ల కాలి, కొన్ని దినాలు యాతనపడి చచ్చినది. చూచినవాడు లేడు, నేర్చుకొన్నవాడు లేడు. సర్వజ్ఞుడు, దయామయుడు ఐనవాడు దానిని ఎందుకు ఆపలేదు? “మనం ఇంతకుముందు దాటివచ్చిన ఊళ్ళలో పిల్లల కాళ్ళు, మామయ్యా?” అని ఆగిపోయినాడు.

నా మనస్సు బరువెక్కే కారణం తరువాత చెప్తానన్నాను. అదేమనగా, 1974 ప్రాంతంలో నేను మునుగోడు దాపున ఒక పల్లెలో తెలుగు పండితునిగా చేరినాను. నా తరగతిలో ఒక బాలుడుండేవాడు. పద్యం బాగా చదివేవాడు. ఏడాదికేడాది వాని కాళ్ళు వంకర తిరుగుతున్నవి. ఒకనాడు వాని తల్లి బడికి వచ్చి, “పంతులూ, నా కొడుకు కాళ్ళు ఎందుకిట్లయితున్నయి?” అని అడిగినది. నేను గొప్ప జ్ఞానివలె, “పూర్వజన్మ కర్మ తల్లీ, అనుభవించక తప్పదు” అన్నాను. ఆమె ఏమీ అనక కొంగు నోటికడ్డం పెట్టుకొని వెళ్ళిపోయినది. తరువాత చాలా కాలానికి నీళ్ళు పరీక్షించేవారు ఆ ఊరికి వచ్చి, బడి ఎదుటి బావి నీళ్ళు సీసాలో పట్టుకొనిపోయి, ఆ నీళ్ళు త్రాగవద్దన్నారు. ఆ బాలుడు నా మాటవిన్న ఆ తల్లి చేతినుంచి ఆ నీళ్ళే అన్నాళ్ళూ త్రాగినాడు.

ఈ సంగతి నేను మా ఇంటిలో కూడ ఎన్నడూ చెప్పలేదు. ఆనాడు కారులో మేనల్లునికి చెప్పినాను.

భగవంతునికి పక్షపాతముగాని నిర్దయగాని లేవని, జీవుల కర్మను బట్టి ఫలమిస్తాడని బ్రహ్మసూత్రాలలో విచారణ ఉన్నది. ఆ సిద్ధాంతాన్ని నేను కాదనడంలేదు. కాని అది నాకు కష్టం వచ్చినప్పుడు నా మనస్సుకు నేను చెప్పుకోవలసిన మాట. ఇంకొకరి బిడ్డ కాళ్ళను చూచి రోగనిర్ణయం చేయడానికి ఆచార్యులు దానిని మన చేతికి ఇవ్వలేదు. ఏ ప్రమాణంతో ఆ బాలుని పూర్వజన్మను నేను చూచినాను? నాకు తెలియని విషయంలో తెలిసినట్లు పలికినాను. వాత్స్యాయనుని లక్షణం ప్రకారం ఆ క్షణంలో నేను ఆప్తుడను కాను, నీళ్ళు సీసాలో పట్టుకొనిపోయిన ఆ ఉద్యోగి ఆప్తుడు. అతడు దేవుని నమ్మేవాడో కాదో నేను అడుగలేదు. అడుగవలసిన పనీ లేదు.

అందుచేతనే తత్త్వవేత్తల లెక్కను చూచి ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. వాదం తెలిసినవాడు వాదం చేరని చోట ‘లేడు’ అని తీర్పు చెప్పడం ఒక అతిక్రమం. శాస్త్రం చదివినవాడు నీటిలోని విషానికి కర్మ అని పేరుపెట్టడం అంతకంటె పెద్ద అతిక్రమం, ఏలననగా దాని ఖరీదు ఇంకొకరి బిడ్డ చెల్లించినాడు.

లేడిపిల్ల ప్రశ్నకు నేను సమాధానం చెప్పలేదు. వాడూ మళ్ళీ అడుగలేదు. పాలమూరు దాటేవరకు ఇద్దరమూ మాట్లాడలేదు.

వెనుకబడిన ఆ రాచకొండ గుట్టలను గూర్చి ఒక సంప్రదాయకథ ఉన్నది. ఆ దుర్గాన్ని ఏలిన రేచెర్ల వెలమప్రభువు సింగభూపాలుడు తత్త్వం తెలుపుమని దక్షిణానికి కబురుపంపగా, శ్రీమన్నిగమాంత దేశికులు సుభాషితనీవిని, తత్త్వసందేశ రహస్యసందేశాలను రచించి శిష్యులచేత పంపినారని పెద్దలు చెప్తారు. ఆ ప్రభువు ఏ సింగభూపాలుడో, కాలం ఎట్లా కుదురుతుందో చరిత్రకారులలో వాదమున్నది. అది వారికే విడుద్దాం. నాకు నచ్చినది ఏమనగా, రాజు అడిగినది ‘పండితులలో ఎంతమంది ఏమంటున్నారు’ అని కాదు. తాను నమ్మదగినవానిని ఎంచుకొని, అతనిని అడిగినాడు. ఆ దేశికులే పరమతభంగమనే గ్రంథంలో ఎదుటివారి మతాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపి పిదపనే ఖండించినారు. ఎదుటివాని వాదం విననివాడిని ఆ కాలంలో ఆచార్యుడని ఎవరూ అనలేదు.

చిన్నచింతకుంట దాపున కురుమూర్తి కొండ చేరేసరికి జాతర నిండుగా ఉన్నది. ఈ క్షేత్రం చూడనివారికి ఒక మాట చెప్పవలె. దీపావళి తరువాత జరిగే బ్రహ్మోత్సవాలలో ఇక్కడ ఉద్దాల ఉత్సవం ముఖ్యమైనది. ఉద్దాలనగా స్వామివారి పాదరక్షలు. వడ్డెమాను గ్రామంలోని చర్మకారులు ఉపవాసాది నియమాలతో వీటిని తయారుచేస్తారు. ఊరేగింపుగా వచ్చిన ఆ ఉద్దాలను తలకు తాకించుకోవడానికి వేలాది జనం ఎగబడతారు. అక్కడ తల వంచేటప్పుడు ఎవడు ఏ కులమో, ఎవనికి ఎంత చదువో అడిగేవారుండరు.

మెట్లవద్ద నిలబడి మా వాడు, “స్వామి విషయంలో ఆప్తులెవరని మీరు చెప్పనేలేదు మామయ్యా” అన్నాడు.

నేను వానికి కాంచీపూర్ణుల కథ గుర్తుచేసినాను. రామానుజులు యాదవప్రకాశులవద్ద వేదాంతం చదివి, గురువునే వాదంలో మించినవారు. అట్టివారికి మనస్సులో కొన్ని సందేహాలు మిగిలినవి. వాటి సమాధానానికి వారు పండితసభకు పోలేదు. కంచిలో వరదరాజస్వామికి వీవన వీచే కైంకర్యం చేసుకొనే, బ్రాహ్మణేతర కులంలో పుట్టిన తిరుక్కచ్చినంబిని ఆశ్రయించినారు. స్వామి సెలవిచ్చినట్లుగా నంబి తెచ్చిన ఆరు వార్తలు శ్రీవైష్ణవులందరికీ తెలిసినవే. వాదంలో తనకు సాటిలేనివాడు, వాదం ఎరుగని మనిషివద్దకు పోయి చేయి చాచినాడు. వీవన వీచేవాడు ఆ సన్నిధిలో అనుదినం నిలబడినవాడు. నిలబడినవాని సాక్ష్యానికి ఒక విలువ ఉన్నదని రామానుజులు ఎంచినారు. అనుమానం చేరదని తెలిసినవాడు గనుకనే ఆ విలువ వారికి తెలిసినది.

“ఆ సాక్ష్యం తప్పు కావచ్చు గదా?” అన్నాడు.

“కావచ్చు. వీవన వీచినవాళ్ళు ఈ దేశంలోనేకాదు, అన్ని మతాలలోనూ ఉన్నారు. అందరూ ఒక్కటే చెప్పలేదు. నేను ఎన్నుకొన్నాను, ఎన్నుకొన్నానని ఎరుగుదును” అన్నాను. ఇంతకంటె బలమైన మాట నావద్ద లేదు. ఉన్నట్లు చెప్తే మళ్ళీ మునుగోడు బడి పంతులునే అవుతాను.

మా చెల్లెలు మెట్లు ఎక్కడానికి కొడుకు భుజం పట్టుకొన్నది. రెండు మెట్లు ఎక్కి నిలబడి, “నేను కారులో నిద్రపోయిననుకొన్నరా మీరిద్దరు? అన్నీ విన్న. అంత చదువుకొన్నోళ్ళు దేవుడు లేడన్నరంట గదా, నిజమేనారా?” అని వానినడిగినది.

“చాలామంది అన్నారమ్మా. నన్నింకా ఎవరూ అడుగలేదు” అన్నాడు.

“అడిగినప్పుడు చెప్పుదువులే. ముందు ఈ కొబ్బరికాయ పట్టుకో, జారుతున్నది” అన్నది. వాడు కాయను ఒక చేతిలోకి తీసుకొని, రెండవచేత్తో తల్లిని పట్టుకొని ఎక్కసాగినాడు. ఉద్దాల మేళం చప్పుడు క్రిందినుంచి దగ్గరవుతున్నది. జనం దారి వదలడానికి ప్రక్కకు జరుగుతుంటే మేమూ జరిగి నిలబడినాము.